తమ్ముడి కుడి చెయ్యి సన్నబడుతోంది, ఎమ్మారై మాత్రం నార్మల్ అంటున్నారు

గోదారి_అక్క
అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా తమ్ముడికి 19 ఏళ్లు, విజయవాడలో బీటెక్ రెండో సంవత్సరం. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు అమ్మే ముందు గమనించింది. అన్నం కలుపుతుంటే వేళ్లు దగ్గరికి రావట్లేదు, ముద్ద జారిపోతోంది. చెయ్యి పట్టుకుని చూస్తే కుడి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ గుంట పడింది. అడిగితే "ఏడాది నుంచి ఉందక్కా, అదే తగ్గుతుందనుకున్నా" అన్నాడు. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. చలికాలం పొద్దున పూట మాత్రం బండి బ్రేకు కూడా నొక్కలేకపోతున్నాట్ట. ఎండెక్కాక కాస్త నయం. వేళ్లు చాపితే సన్నగా వణుకుతాయి.

ముందు ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఎక్స్‌రే తీసి బలానికి ఇంజెక్షన్లు రాశారు. తగ్గకపోతే మెడకి ఎమ్మారై తీయించాం. "మెడ వంపు కొద్దిగా తగ్గింది, మిగతా అంతా నార్మల్" అని రిపోర్టు. తర్వాత చూసిన ఇంకో డాక్టరు, "మోటార్ న్యూరాన్ డిసీజ్ కావచ్చు, చెప్పలేం" అనేశారు. కండల్ని కదిలించే నరకణాలు చచ్చిపోయే, నయం కాని జబ్బట. వాడు బయటికొచ్చి ఫోన్లో వెతుక్కున్నాడు. అప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ అన్నం సయించట్లేదు. ఇలాంటిది ఎవరైనా చూశారా?

శ్రీకాకుళం_శీను
అక్కా టెన్షన్ పడకండి. మా బావకి ఇలాగే చేతులు తిమ్మిర్లెక్కితే బీ12 తక్కువని తేలింది. ఇంజెక్షన్లు చేయించారు, సెట్ అయిపోయింది. ముందు ఆ టెస్టు చేయించండి.

వంటింటి_వైద్యం
రోజూ పాలల్లో అశ్వగంధ వేసి ఇవ్వండి. నువ్వుల నూనెతో మర్దనా చేయించి, మెడ ఒకసారి సరిచేయిస్తే నరం ఫ్రీ అవుతుంది. మా వీధి సెలూన్ అతను మెడ విరిస్తే చాలామందికి పోయింది.

ఫిజియో_పద్మ
పైన చెప్పిన మెడ విరిపించే పని మాత్రం దయచేసి చేయకండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే సెలూన్లో మెడ తిప్పినప్పుడు మెదడుకి రక్తం తీసుకెళ్లే ధమని లోపలి పొర చిట్లి పక్షవాతం రావచ్చు. ఇక్కడ వెన్నుపాము దగ్గరే తేడా ఉందేమోనని అనుమానం. అలాంటి మెడని ఎవరి చేతికీ ఇవ్వకూడదు.

శీను గారూ, బీ12 లోపంలో సాధారణంగా రెండు పాదాల్లో తిమ్మిరి, నడకలో తూలడం ముందు వస్తాయి. తిమ్మిరే లేకుండా ఒక్క చేతి కండ కరగడం దాని తీరు కాదు. టెస్టు చేయిస్తే నష్టం లేదు, కానీ అక్కడే ఆగిపోవద్దు.

అక్కా, మోచేతి కింద నుంచి మణికట్టు దాకా రెండు చేతులూ పక్కపక్కన పెట్టించి ఒకసారి చూడండి. ఏ వైపు సన్నబడిందో రాయండి.

పీజీ_న్యూరో
నరాల వైద్యంలో (న్యూరాలజీ) పైచదువు, డీఎం చేస్తున్నాను. చూడకుండా రోగం పేరు చెప్పడం తప్పు కాబట్టి, ఏమేం అడగాలో, ఏమేం చూడాలో మాత్రం చెబుతాను.

చేతి కండ కరిగిందంటే మొదట తేల్చుకోవాల్సింది స్పర్శ పోయిందా లేదా అని. మన దేశంలో చేతి వేళ్లు వంకర తిరిగి, చిటికెనవేలు వైపు స్పర్శ తగ్గితే కుష్ఠు గుర్తుకు రావాలి. మోచేతి వెనక అల్నార్ నరం తాడులా మందంగా తగులుతుంది, చాలామందికి ఒంటి మీద ఎక్కడో ఒక స్పర్శ లేని మచ్చ కూడా ఉంటుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. అయినా చాలామంది డాక్టర్లు మోచేయి తడమకుండానే ఎమ్మారైకి రాస్తారు. మీవాడికి స్పర్శ బాగానే ఉందంటున్నారు కనుక అది వెనక్కి వెళ్తుంది.

రెండోది, మెడ పక్కన పుట్టుకతో అదనపు పక్కటెముక. అది ఉన్నవాళ్లకి బొటనవేలి దిమ్మ కరుగుతుంది, ముంజేయి లోపలి వైపు నొప్పో మొద్దుబారడమో ఉంటుంది. మీ ఎక్స్‌రేలోనే అది కనిపించి ఉండాలి, ఫిల్మ్ మళ్లీ చూపించండి.

మూడోది, డాక్టరు అన్న మోటార్ న్యూరాన్ డిసీజ్. 19 ఏళ్లకి అది చాలా అరుదు. అందులో కండ కరుగుతున్న చోటే సుత్తితో కొడితే రిఫ్లెక్సులు గట్టిగా ఎగురుతాయి. నాలుక మీద కండ సన్నగా కదలాడుతుంది. చేతిలో బొటనవేలి వైపు ముందు కరిగి చిటికెనవేలి వైపు నిలబడుతుంది. మీవాడికి ఏ వైపు ఎక్కువ కరిగిందో చూసి చెప్పండి. చలిలో చెయ్యి మరీ మొరాయించడం, వేళ్లు చాపితే వణుకు, ఈ రెండూ నన్ను వేరే వైపు లాగుతున్నాయి.

డల్లాస్_డాడీ
డాక్టర్ గారూ, మీరు ధైర్యం చెబుతున్నారు బాగానే ఉంది. మా మామగారికి కూడా చేతితోనే మొదలైంది. అందరూ మెడ అరుగుదల అన్నారు, ఆపరేషన్ కూడా చేశారు. చివరికి ఏఎల్ఎస్ అని తేలింది, ఆ మోటార్ న్యూరాన్ డిసీజే. ఆయనకి 61 ఏళ్లు అనుకోండి. అయినా ఫోరంలో "అది కాదు" అని తేల్చేయడం ఎంతవరకు సబబు?

పీజీ_న్యూరో
సబబు కాదు సర్, అందుకే తేల్చలేదు. కానీ 61కీ 19కీ చాలా తేడా ఉంది. ఆ పేరు ఇంట్లో పడేసి వదిలేయడం కూడా సబబు కాదు కదా. పరీక్ష పూర్తి చేయాలి.

గోదారి_అక్క
పద్మ గారూ, మీరు చెప్పినట్టే రెండు చేతులూ పక్కపక్కన పెట్టించాను. కుడి ముంజేతిలో చిటికెనవేలి వైపు బాగా సన్నబడింది. బొటనవేలి వైపు, మోచేతి దగ్గర నుంచి వచ్చే కండ మాత్రం ఎడమ చేతిలో ఎలా ఉందో అలాగే గట్టిగా ఉంది. మధ్యలో ఏటవాలుగా గీత గీసినట్టు తేడా తెలుస్తోంది. అరచేతిలో కూడా చిటికెనవేలి కిందే ఎక్కువ కరిగింది. ఎడమ చెయ్యి బాగానే ఉంది.

కాలర్_కింగ్
అక్కా, ఈ పోస్టు చదువుతుంటే నా చెయ్యే చూసుకున్నట్టు ఉంది. ఆ ఏటవాలు గీత నాకూ ఉంది. నాకు ఇంటర్‌లో మొదలైంది, ఇప్పుడు 28. హిరయామా డిసీజ్. పేరు కొత్తగా ఉందని భయపడకండి. ప్రాణం మీదికి రాదు, కొన్నేళ్లు పెరిగి దానంతట అదే ఆగిపోతుంది. కానీ ఆ కొన్నేళ్లలో మెడ కాపాడుకోవాలి. పోయిన కండ తిరిగి రాదు, అందుకే తొందరగా తెలియడం ముఖ్యం.

మెడ వంచి ఎమ్మారై తీశారా? తిన్నగా పడుకోబెట్టి తీసిందైతే నాకూ నార్మల్ అనే వచ్చింది.

పీజీ_న్యూరో
నేను అడగబోయింది ఇదే. ముంజేతిలో అలా ఏటవాలుగా కరగడం, మోచేతి దగ్గర నుంచి బొటనవేలి వైపు వచ్చే బ్రేకియోరేడియాలిస్ అనే కండ మాత్రం మిగలడం ఈ జబ్బు ముద్ర. బ్రేకియోరేడియాలిస్‌కి నరం మెడలో పైన 5, 6 స్థాయిల నుంచి వస్తుంది. దెబ్బతినేది మెడ 7, 8, ఛాతీ 1 నరాల స్థాయిలు. అందుకే పక్కపక్కన ఉన్న కండల్లో ఒకటి కరిగి ఒకటి నిలబడుతుంది.

జపాన్‌లో కెయిజో హిరయామా 1959లో దీన్ని మొదట వివరించారు. అప్పట్లో ఇది మోటార్ న్యూరాన్ జబ్బుల్లోనే ఒక రకమేమో అనుకున్నారు. 1982లో మొదటిసారి ఒక రోగి వెన్నుపామును శవపరీక్షలో చూశాకే మెడ కింది భాగంలో ముందు వైపు రక్తం సరిగ్గా అందక కణాలు చచ్చిపోయాయని తెలిసింది. మన దగ్గర 1984లో బెంగళూరులో మెదడు, నరాల జబ్బులు చూసే నిమ్‌హాన్స్ నుంచి గౌరీదేవి గారి బృందం ఇలా ఒక్క చెయ్యో ఒక్క కాలో మాత్రమే సన్నబడే రోగులను వివరించి, 'మోనోమెలిక్ అమయోట్రోఫీ' అన్నారు. జపాన్, భారతదేశం, మన చుట్టుపక్కల ఆసియా దేశాల్లో ఎక్కువ. దాదాపు అందరూ మగపిల్లలే, 15 నుంచి 25 ఏళ్ల లోపు.

డల్లాస్_డాడీ
మెడ వంచితే ఏమవుతుంది? అందరం రోజూ ఫోన్లోకి వంగే ఉంటాం కదా. మరి మా పిల్లలందరికీ రావాలిగా?

పీజీ_న్యూరో
వెన్నుపాము చుట్టూ ఒక గట్టి తొడుగు ఉంటుంది, డ్యూరా అంటారు. మామూలుగా అది కొంచెం వదులుగా ఉంటుంది, మెడ వంచితే ఆ వదులు సర్దుకుంటుంది. ఈ పిల్లల్లో వెన్నెముక ఎదిగినంతగా తొడుగు ఎదగదని ఎక్కువమంది నమ్మకం. ఎదిగే వయసులో, ఎదిగే మగపిల్లల్లో రావడానికి కారణం కూడా అదేనంటారు. బిగుతు చొక్కా వేసుకుని రెండు చేతులూ ముందుకు చాపండి, వీపు మీద గుడ్డ ఎలా బిగుస్తుందో అలా తొడుగు వెనక గోడ బిగిసి ముందుకు జరుగుతుంది. వెన్నుపామును ముందున్న ఎముకకి అదుముతుంది. తల ఎత్తగానే వెనక్కి పోతుంది. అందుకే తిన్నగా తీసిన స్కాన్‌లో దొరకదు. ఫోన్ చూసే అందరికీ రాదు, తొడుగు అలా ఉన్నవాళ్లకే.

రేడియో_రమణ
ఎమ్మారై టెక్నీషియన్‌ని. నా వంతు రెండు మాటలు.

చీటీ మీద "ఎమ్మారై మెడ" అని ఒక్క ముక్క రాస్తే మేం తిన్నగా పడుకోబెట్టే తీస్తాం. మెడ చుట్టూ పెట్టే కాయిల్ అనే పరికరంలో తల కదలకుండా బిగిస్తాం కూడా. మెడ వంచి తీయాలంటే కాయిల్ మార్చాలి, తల కింద దిండ్లు ఎత్తు పెట్టాలి, గడ్డం ఛాతీ వైపు బాగా దిగాలి, 30, 35 డిగ్రీల దాకా. టైం పడుతుంది. కాబట్టి డాక్టరు చీటీ మీద "తిన్నగానూ, మెడ పూర్తిగా వంచీ, కాంట్రాస్టుతో, హిరయామా అనుమానం" అని స్పష్టంగా రాయాలి. రాయించుకోండి.

వంచినప్పుడు వెన్నుపాము వెనక నెలవంక ఆకారంలో ఖాళీ తెరుచుకుంటుంది. కాంట్రాస్ట్ అంటే స్కాన్‌లో మెరిసే మందు, అది సిరలోకి ఎక్కిస్తే అక్కడి సిరలు నిండి తెల్లగా మెరుస్తుంది. ఒకసారి చూస్తే మర్చిపోలేం.

ఇంకోటి. తిన్నగా తీసిన పాత స్కాన్‌ని కూడా పారేయకండి, సీడీ ఇవ్వండి. అడ్డకోత బొమ్మల్లో మెడ కింది భాగంలో వెన్నుపాము ఒక వైపు కొంచెం చప్పబడి ఉండొచ్చు. ఏమి వెతకాలో తెలియకపోతే రిపోర్టులో రాదు. రోజుకి ఎన్ని రిపోర్టులు పడతాయో మీకు తెలీదు, ఎవర్నీ తప్పుబట్టలేను.

నల్గొండ_మాష్టారు
రిటైర్డ్ టీచర్ని. విషయం కొంచెం పక్కకి పోతుందేమో, క్షమించాలి. అయినా మెడ, చేతులు, ఎమ్మారై అంటుంటే చెప్పకుండా ఉండలేకపోతున్నా.

మా వైపు ఫ్లోరైడ్ నీళ్లు. మా నాయనకి చివరి రోజుల్లో మెడ తిరిగేది కాదు. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరిగేవాడు. తర్వాత కాళ్లు కర్రల్లెక్క బిగుసుకుపోయి, చేతుల్లో పట్టు పోయింది. ముసలితనం, వాతం అనుకున్నారంతా. పట్నంలో ఒక పెద్దాయన మెడ కన్నా ముందు ముంజేతి ఎక్స్‌రే తీయమన్నాడు. మేమేమో నోరెళ్లబెట్టినం, మెడ జబ్బుకి చేయి ఫొటో ఎందుకని. ఆ ఫిల్మ్‌లో ముంజేతి రెండెముకల మధ్య పొర మొత్తం సున్నం పట్టి ఎముకైపోయి కనిపించింది. అది చూసి ఫ్లోరోసిస్ అన్నాడు. మెడ లోపల కూడా ఎముకల్ని పట్టి ఉంచే బంధనాలు అట్లాగే గట్టిపడి వెన్నుపామును నొక్కుతున్నయని చెప్పిండు.

మా నల్గొండకి పేరు ఎక్కువ వచ్చింది గానీ, 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్లలో ఇది ఉందని డాక్టర్లు రాసిన్రు. ఊరి పేరు అడగకుండా, ఏ బావి నీళ్లు తాగిన్రో అడగకుండా ఎమ్మారైకి పంపితే ఏం లాభం?

ఫిజియో_పద్మ
మాష్టారూ, పక్కకి పోలేదు. ఆ ముంజేతి ఎక్స్‌రే మాట ఇక్కడ చదివేవాళ్లు చాలామందికి పనికొస్తుంది. మా దగ్గరికి పాత ప్రకాశం జిల్లా కనిగిరి వైపు నుంచి వచ్చేవాళ్లలో కూడా కాళ్లు బిగుసుకుపోయినవాళ్లు ఉంటారు. మీ నాయనగారిదీ అక్క తమ్ముడిదీ పూర్తిగా వేరు: అక్కడ కాళ్లు బిగుసుకోవడం, రిఫ్లెక్సులు ఎగరడం ఉంటాయి. ఇక్కడ కాళ్లు బాగానే ఉన్నాయి.

వంటింటి_వైద్యం
నేను మంచికే చెప్పాను. ఎమ్మారైలకి వేలు వేలు పోయడం కన్నా పాలు తాగడం నయం కదా అని.

ఫిజియో_పద్మ
పాలు తాగమనండి. మెడ జోలికి మాత్రం వద్దు.

గోదారి_అక్క
ఇవాళ హైదరాబాద్‌లో న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాను. ఇక్కడ రాసినవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాను, ఆవిడ నవ్వి తీసుకుని చదివారు. వాడి చొక్కా విప్పించి భుజాల వెనక నుంచి వేళ్ల చివరల దాకా చూశారు. మోచేతి వెనక తడిమారు, దూదితో, గుండుసూదితో స్పర్శ చూశారు, నాలుక బయట పెట్టించారు. కాళ్ల మీద సుత్తితో కొట్టారు, పాదాల కింద గీశారు. ఇంతకు ముందు ఎవరూ చొక్కా కూడా విప్పించలేదు.

నరాల్లో సంకేతం ఎలా పారుతుందో చూసే నెర్వ్ కండక్షన్, కండలో సూది పెట్టి చూసే ఈఎంజీ కూడా చేశారు. సూదులు గుచ్చుతుంటే వాడు పళ్ల బిగువున కూర్చున్నాడు. స్పర్శ నరాలు మామూలుగా ఉన్నాయట. కదలిక నరాల్లో చిటికెనవేలి వైపు వెళ్లే అల్నార్ బాగా తగ్గింది, బొటనవేలి వైపు వెళ్లే మీడియన్ అంతగా తగ్గలేదు. ఎడమ చేతిలో కూడా కొద్దిగా తేడా ఉందన్నారు, అది విని మళ్లీ భయం వేసింది. మెడ వంచి ఎమ్మారై తీయమని రాశారు.

పీజీ_న్యూరో
ఎడమ చేతిలో ఈఎంజీకి కొద్దిగా తేడా దొరకడం ఈ జబ్బులో మామూలే, దానికి కంగారు వద్దు. అల్నార్ ఎక్కువ పడి మీడియన్ నిలబడటం కూడా మనం అనుకుంటున్నదానికే సరిపోతోంది, ఏఎల్ఎస్‌లో చాలాసార్లు దీనికి తిరగబడి ఉంటుంది.

కండక్షన్‌లో ఎక్కడైనా 'బ్లాక్', అంటే నరంలో సంకేతం మధ్యలో ఆగిపోవడం ఉందని రాశారా? అడుగుతున్నది ఎందుకంటే, మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతీ అనే ఇంకో జబ్బు కూడా ఇలాగే నొప్పి, తిమ్మిరి లేకుండా చెయ్యి పడగొడుతుంది. దానికి ఐవీఐజీ అనే మందు బాగా పనిచేస్తుంది కాబట్టి దాన్ని దాటేయకూడదు.

గోదారి_అక్క
బ్లాక్ లేదని రాసి ఉంది.

కాలర్_కింగ్
ఎమ్మారై రిపోర్టు వచ్చేదాకా ఖాళీగా కూర్చోకండి అక్కా. వాడి చదువుకునే బల్ల ఎత్తు పెంచండి. ఫోన్ స్టాండు మీద, కంటికి ఎదురుగా. ఎత్తు దిండ్లు తీసేయండి. మంచం మీద గోడకి ఆనుకుని తల వంచి సినిమాలు చూసే అలవాటు ఉంటే అది ముందు మాన్పించండి, నాకు అదే ఉండేది.

గోదారి_అక్క
రిపోర్టు వచ్చింది. తిన్నగా ఉన్నప్పుడు మెడ 5, 6, 7 ఎముకల దగ్గర వెన్నుపాము కుడివైపు చప్పబడింది. మెడ వంచినప్పుడు వెనక తొడుగు ముందుకు జరిగింది, రమణ గారు చెప్పిన నెలవంక ఉంది, కాంట్రాస్ట్‌తో మెరిసింది. హిరయామా అనే రాశారు. డాక్టరమ్మ మెడకి కాలర్ రాశారు, మూణ్నాలుగేళ్ల దాకా వాడాల్సి రావచ్చన్నారు. అమ్మ ఇవాళ చారు పెట్టి అందరికీ వడ్డించింది.

ఇప్పుడు రెండు ప్రశ్నలు. మా చుట్టాల్లో ఒకరు "కాలర్ దండగ, ఆపరేషన్ చేయిస్తే ఒక్కసారికి పోతుంది" అంటున్నారు. నిజమేనా? రెండోది, వాడు కాలర్ వేసుకుని కాలేజీకి వెళ్లనంటున్నాడు.

పీజీ_న్యూరో
మొదటిదానికి నా మాట: ఎక్కువమందికి కాలర్‌తోనే మొదలుపెడతారు. మెడ వంగకుండా ఉంటే అదుముడు ఆగుతుంది. కాలర్ వేసుకుంటున్నా కండ వేగంగా కరుగుతుంటే, లేదా కాళ్లలో బిగువు మొదలైతే ఆపరేషన్ మాట వస్తుంది. మెడ ఎముకలు కలిపేయడమో, తొడుగు విప్పి వదులు చేయడమో చేస్తారు. ఎముకలు కలిపేస్తే 19 ఏళ్లకే మెడ కదలిక కొంత శాశ్వతంగా పోతుంది.

డల్లాస్_డాడీ
ఇక్కడ నాకు తెలిసిన ఒకతనికి కాలర్ వేసుకోవడం కుదరక రెండేళ్లు పోయాక ఆపరేషన్ చేశారు, ఆగిపోయింది. వేసుకోని కాలర్ కన్నా చేసిన ఆపరేషన్ నయం అంటాను నేను.

పీజీ_న్యూరో
ఒప్పుకుంటాను. అందుకే వాడు నిజంగా వేసుకుంటాడా లేదా అన్నది తేల్చుకోవాలి. ఆరు నెలలకోసారి పట్టు కొలిచి, చేతుల చుట్టుకొలత రాసి పెట్టుకోండి.

కాలర్_కింగ్
రెండోదానికి నేను చెబుతా. తమ్ముడికి ఇది చదివి వినిపించండి.

తమ్ముడూ, మొదటి వారం అందరూ "యాక్సిడెంటా?" అని అడుగుతారు. "అవును, లారీ గుద్దింది, లారీ పోయింది" అను. రెండో వారం నుంచి ఎవడూ చూడడు. మెత్తటి కాలర్ మెడని ఆపదు, గడ్డం కింద ఆనేలా కొంచెం గట్టిదే కావాలి, డాక్టరుతో కొలత తీయించుకో. ఏప్రిల్, మే నెలల్లో కాలర్ కింద చెమటకాయలు లేస్తాయి. లోపల పాత కాటన్ పంచె ముక్క మడిచి పెట్టుకో, మధ్యాహ్నం మార్చు. భోజనం దగ్గర కంచం ఎత్తు మీద పెట్టుకో, లేదంటే కాలర్ మీద సాంబారు మరకలు పోవు. చలిలో గ్లౌజు వేసుకుంటే వేళ్లు బాగా పనిచేస్తాయి, డిసెంబరులో నాకు ఇప్పటికీ కావాలి. హెల్మెట్ బరువుకి మెడ వంగుతుంది కాబట్టి కొన్నాళ్లు బస్సు.

నాది ఇరవై రెండో ఏట ఆగిపోయింది. చెయ్యి పాతలా రాలేదు. చొక్కా మెడ బొత్తం ఎడమ చేత్తో పెట్టుకుంటాను, కీబోర్డు రెండు చేతులతో కొడతాను, ఉద్యోగం చేస్తున్నాను.

గోదారి_అక్క
చదివి వినిపించాను అన్నా. లారీ మాటకి నవ్వాడు. ఇప్పుడు సెమిస్టర్ పరీక్షల సంగతి చూడాలి. మూడు గంటలు కుడి చేత్తో రాయలేడు.

ఫిజియో_పద్మ
కాలేజీ ఎగ్జామినేషన్ సెక్షన్‌లో ముందే దరఖాస్తు పెట్టండి, అదనపు సమయం గానీ రాసిపెట్టే మనిషిని గానీ అడగొచ్చు. న్యూరాలజిస్ట్ దగ్గర జబ్బు పేరు, ఏ చెయ్యి, ఎంతసేపు రాయగలడు అని రాయించిన సర్టిఫికెట్ జతచేయండి. హాల్లో వాలు బల్ల కూడా అడగండి, కాగితం పైకి లేస్తే తల వంచక్కర్లేదు.

కడప_నాగు
ఇప్పుడే చదివినా. మా అన్న కొడుక్కి 17 ఏండ్లు, ఎడమ కాలి పిక్క సన్నబడింది, నొప్పి లేదు. ఇది కూడా ఇదేనా?

పీజీ_న్యూరో
నాగు గారూ, మోనోమెలిక్ అన్నది ఒక్క కాల్లోనూ వస్తుంది, కానీ కాలికి చూడాల్సిన జాబితా వేరు. నడుం దగ్గర వెన్నుపాము, పుట్టుకతో వచ్చే నరాల జబ్బులు, చిన్నప్పటి జ్వరాలు, ఇంట్లో ఇంకెవరికైనా పాదాలు వంకరగా ఉన్నాయా, ఇవన్నీ అడగాలి. కొత్త చర్చ తెరవండి. ఎప్పుడు మొదలైంది, స్పర్శ ఎలా ఉంది, మడమల మీద, మునివేళ్ల మీద నడవగలడా, ఇవి రాయండి. ఈ లోపు మంచి వెలుతురులో రెండు పిక్కలూ వెనక నుంచి ఫొటో తీసి, తేదీ రాసి మీ దగ్గరే పెట్టుకోండి, ముఖం లేకుండా.